దాచిన కాగితం ఎవరిది?



మన పల్లెల్లో పాత ఇళ్లలో దూలానికి ఒక ఇనుప తీగ వేలాడుతూ ఉండేది. దాని కొన వంచి, మొన తేల్చి ఉంచేవారు. విత్తనాల కొట్టు బిల్లు, ఎరువుల రసీదు, గుంటూరు యార్డులో మిరపకాయలు అమ్మినప్పుడు ఇచ్చిన తక్‌పట్టీ, శిస్తు రసీదు, ఏది వస్తే అది ఆ తీగకు గుచ్చేవారు. చదువు రాని తాతలు కూడా పిల్లల్ని ఆ తీగ జోలికి పోనిచ్చేవారు కాదు. కాగితం పోతే మాట పోయినట్టే అన్నది వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకం ఎంత నిజమో మన పత్తి రైతును అడగండి. విత్తనం మొలవని ఏడు, మొలిచినా కాయ పట్టని ఏడు, నష్టపరిహారం కోసం వెళ్లిన వాడిని మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: “బిల్లు ఉందా? సంచి ఉందా?” ఉన్నవాడు వినియోగదారుల ఫోరంలో నిలబడగలిగాడు. లేనివాడు ఎంత నిజం చెప్పినా అది గాలికి పోయింది. ఇద్దరూ నష్టపోయినవాళ్లే. తేడా అంతా ఒక చిన్న కాగితంలో ఉంది.

అంటే కాగితం కూడా ఒక సాక్షి! పేదవాడికి, బలవంతుడి ఎదుట నోరు పెగలనివాడికి, చాలాసార్లు అదొక్కటే సాక్షి. మరి సాక్షిని దాచిపెట్టడం న్యాయమా? దాచినవాడు ఒక్క అబద్ధం కూడా ఆడకపోవచ్చు. కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి ఊరుకున్నాడంతే. అది పాపమా, కాదా? ఈ వారం మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇది. దీనిని మన కాలంలో అన్నిటికంటే గట్టిగా తాళం వేసిన బీరువా ముందు నిలబడి ఆలోచిద్దాం. ఆ బీరువా అణుశక్తి, అణ్వాయుధాలకు సంబంధించిన పాత దస్తావేజుల భాండాగారం.

“మిరప తోటల వాళ్లం, మాకెందుకండీ అణుబాంబు గొడవ?” అని మీరు అనవచ్చు. కొంచెం ఆగండి. మన పైరు తాగే నీరు నాగార్జునసాగర్ కుడి కాలువ నీరు. 1967లో ఆ కాలువకు నీరు వదిలిన తరువాతే గుంటూరు, ప్రకాశం మెట్ట పొలాల ముఖం మారింది. ఆ జలాశయానికి అంచున, నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు దగ్గర, భూమిలో యురేనియం ఉన్నట్టు అణు ఖనిజాల శాఖ వారు కనుగొన్నారు. ఇటు పల్నాడులో కొప్పునూరు దగ్గర కూడా ఆ ఖనిజం ఉన్నట్టు వారే తేల్చారు. 2003 ఆగస్టులో పెద్దగట్టు గని మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు జనం గట్టిగా వ్యతిరేకించారు. 2019లో నల్లమలలో యురేనియం అన్వేషణ మాట లేచినప్పుడు తెలంగాణ శాసనసభ వద్దని తీర్మానం చేసింది. కనుక ఈ బీరువా మన చేలగట్టుకు అంత దూరంగా ఏమీ లేదు.

ముందుగా, తాళం తీసిన చోట ఏమి కనిపించిందో చూద్దాం.

1945 మే 10, 11 తేదీలలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఒక కమిటీ సమావేశమయింది. కొత్త బాంబును జపానులో ఏ నగరం మీద వేయాలన్నది చర్చ. ఆ సమావేశపు నివేదిక ఈనాడు ఎవరైనా చదువుకోవచ్చు. అందులో క్యోటో నగరం పేరు ముందు వరుసలో ఉంది. అక్కడి ప్రజలు తెలివైనవారు కాబట్టి ఈ ఆయుధం ఎంతటిదో వాళ్లకు బాగా అర్థమవుతుందన్న మాట కూడా అందులో ఉంది! చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. తరువాత యుద్ధ మంత్రి స్టిమ్సన్ పట్టుబట్టి క్యోటో పేరు తీయించాడు. జూలైలో నాగసాకి పేరు జాబితాలో చేరింది.

నాగసాకి అంటే మన కతోలికులకు కేవలం ఒక ఊరి పేరు కాదు. వేదహింసల కాలంలో గురువులు లేకుండానే రెండు శతాబ్దాలకు పైగా విశ్వాసాన్ని రహస్యంగా కాపాడుకున్న ఉరకామి క్రైస్తవుల ఊరు అది. 1945 ఆగస్టు 9న విమానం మొదట వెళ్లింది కొకురా నగరం మీదికి. అక్కడ పొగ, మబ్బు కమ్మి గురి కనిపించక నాగసాకి వైపు తిరిగింది. ఉదయం 11 గంటల 2 నిమిషాలకు బాంబు ఉరకామి లోయ మీద పేలింది. మరియమాత మోక్షారోపణ పండుగకు సిద్ధపడుతూ పాపసంకీర్తనానికి దేవాలయానికి వచ్చినవాళ్లు అక్కడే కాలిపోయారు. ఆ విచారణలోని సుమారు 12,000 మంది విశ్వాసులలో 8,500 మంది దాకా చనిపోయారని అంచనా.

ఆ పాత కాగితాలలో ఇంకొకటి కూడా దొరికింది. 1945 జూలై 17 తేదీ వేసిన ఒక విన్నపం. లియో సిలార్డ్ అనే శాస్త్రవేత్త రాశాడు. బాంబు తయారీలో పనిచేసిన 70 మంది శాస్త్రజ్ఞులు సంతకాలు చేశారు. లొంగిపోవడానికి షరతులు ఏమిటో బహిరంగంగా చెప్పి, జపాను నిరాకరిస్తే తప్ప, ఈ ఆయుధం వాడే ఆలోచన కూడా చేయవద్దని అధ్యక్షుడిని వేడుకున్నారు. ఆ విన్నపం అధ్యక్షుడి చేతికి అందలేదు. సైనిక కార్యాలయపు ఫైలులో ఉండిపోయింది.

గమనించండి. కాగితాలను దాచినప్పుడు దుర్మార్గం ఒక్కటే దాగదు. మనస్సాక్షి కూడా దాగిపోతుంది. “అందరూ ఒప్పుకున్నారు, వేరే మార్గమే లేదు” అని మనకు చెబుతారు. ఉందని ఆనాడే చెప్పినవాళ్లు 70 మంది ఉన్నారని కాగితం బయటపడిన తరువాత గాని తెలియదు.

ఇక అన్నిటికంటే మనసును కలచివేసే దస్తావేజు వేరే ఉంది. 1945 నుండి 1947 వరకు అమెరికా ఆసుపత్రులలో 18 మంది రోగులకు ప్లుటోనియం సూదిమందుగా ఎక్కించారు. శరీరంలో అది ఏమవుతుందో తెలుసుకోవడానికి! ఏమి ఎక్కిస్తున్నారో ఆ రోగులకు చెప్పలేదు. 1993లో ఐలీన్ వెల్సమ్ అనే పత్రికా విలేఖరి సంవత్సరాల తరబడి వెతికి వాళ్లలో కొందరి పేర్లు బయటపెట్టింది. ప్రభుత్వం దస్తావేజుల తలుపులు తెరవక తప్పలేదు. విచారణ సంఘం వేశారు. 1995 అక్టోబరులో అధ్యక్షుడు క్లింటన్ క్షమాపణ చెప్పాడు. ఆ తవ్వకంలో 1947 నాటి ఒక ఉత్తర్వు దొరికింది. మనుషుల మీద చేసిన ప్రయోగాల కాగితాలు బయటికి వస్తే ప్రజాభిప్రాయం చెడవచ్చు, కోర్టు వ్యాజ్యాలు రావచ్చు, కాబట్టి వాటిని విడుదల చేయవద్దని దాని సారాంశం.

ప్రియ పాఠకులారా, ఆ ఉత్తర్వును ఇంకొకసారి మనసులో చదవండి. శత్రువు చదువుతాడన్న భయం అందులో లేదు. బాధితుడు చదువుతాడన్న భయం ఉంది! రహస్యం అన్న ఒకే మాట కింద రెండు వేరువేరు సంగతులు దాగి ఉంటాయని ఆ ఒక్క కాగితం చెబుతున్నది.

మన దేశం సంగతి చూద్దాం. 1948లోనే అణుశక్తి చట్టం వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 1962 చట్టంలోని 18వ సెక్షన్ అణు సమాచారం బయటికి పొక్కకుండా నిషేధించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం పాత ప్రభుత్వ దస్తావేజులను భద్రపరచాలని, నేషనల్ ఆర్కైవ్స్‌కు అప్పగించాలని చెప్పింది. కాని రహస్యం అని ముద్ర ఉన్నవాటిని అప్పగించనక్కరలేదన్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఎంతో మేలు చేసింది. 20 ఏళ్లు దాటిన సంగతులకు అందులోని చాలా మినహాయింపులు వర్తించవు. అయితే దేశ భద్రత అన్న మినహాయింపు మాత్రం 20 ఏళ్ల తరువాత కూడా నిలిచే ఉంటుంది.

ఫలితం ఏమిటి? మన తెలుగువాడు, ప్రధానమంత్రిగా చేసిన పి.వి. నరసింహారావు గారి సంగతే తీసుకోండి. 1995 డిసెంబరులో పోఖ్రాన్‌లో అణుపరీక్షకు సన్నాహాలు జరుగుతున్నాయని అమెరికా ఉపగ్రహాలు పసిగట్టాయి. పరీక్ష జరగలేదు. 1998 మే నెలలో వాజ్‌పేయి గారి ప్రభుత్వం పరీక్షలు చేసింది. బాంబు సిద్ధంగా ఉందని తనకు చెప్పినవారు పి.వి. గారేనని, ఆయన మరణించిన తరువాత 2004లో వాజ్‌పేయి గారే చెప్పారు. ఆ 1995 నాటి కథలో మనకు తెలిసినది చాలావరకు అమెరికా విడుదల చేసిన కాగితాల నుండి, పి.వి. గారు తన దగ్గర దాచుకున్న సొంత కాగితాలను చదివి 2016లో ఒక రచయిత రాసిన పుస్తకం నుండి తెలిసింది. మన ఇంటి సంగతి పొరుగింటి కిటికీలో నుండి చూసి తెలుసుకోవలసి వస్తున్నదన్నమాట!

ఇక్కడ రెండో వైపు మాట కూడా న్యాయంగా వినాలి. “అన్నీ బయటపెడితే బాంబు చేసే విధానం దుర్మార్గుల చేతిలో పడదా? సరిహద్దులో శత్రువు లేడా? ఇంటి తాళంచెవి ఎక్కడ ఉందో ఊరంతా చాటుతామా?” అని ఒక మాజీ సైనికుడు అడిగితే ఆయన అడిగింది తప్పు కాదు. శ్రీసభ కూడా అన్నీ అందరికీ చెప్పాలని బోధించదు. నిజం తెలుసుకునే హక్కుకు కూడా హద్దులు ఉన్నాయని, ఇతరుల మేలు, భద్రత, సర్వజన శ్రేయస్సు కోసం మౌనం పాటించవలసిన సందర్భాలు ఉంటాయని కతోలిక సత్యోపదేశ గ్రంథమే చెబుతున్నది. పాపసంకీర్తన రహస్యాన్ని గురువులు ప్రాణం పోయినా విప్పరు. కాబట్టి రహస్యం ఉండటమే పాపం అని మనం అనలేము.

అయితే ఆ మాట చెప్పిన నోటితోనే మన ఇంటి బీరువా గురించి కూడా చెప్పుకోవాలి. ప్రతి మేత్రాసనంలో ఒక రహస్య భాండాగారం ఉండాలని, దాని తాళంచెవి పీఠాధిపతుల వద్ద మాత్రమే ఉండాలని శ్రీసభ చట్టం చెబుతుంది. మంచి పేరు పోగొట్టుకోకూడని మనుషుల కోసం పెట్టిన ఏర్పాటు అది. కాని లోకంలో ఎన్నో చోట్ల ఆ తాళం చిన్నపిల్లలను చెరిచినవారికి కాపుగా నిలిచింది. బాధితులు న్యాయం కోసం వస్తే “కాగితం లేదు” అన్నారు. కాగితం ఉంది! 2019 డిసెంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు అటువంటి నేరాల విషయంలో పోపు సంబంధమైన రహస్య నిబంధన ఇకపై వర్తించదని శాసించారు. సిగ్గుతో నేర్చుకున్న పాఠం అది. ప్రభుత్వాన్ని వేలెత్తి చూపేముందు మనం దీనిని ఒప్పుకోకపోతే మన మాటకు విలువ ఉండదు.

మరి న్యాయమైన రహస్యానికి, అన్యాయమైన రహస్యానికి గుర్తు ఏమిటి? మూడు ప్రశ్నలు వేసుకోమని నేను మనవి చేస్తాను.

మొదటిది: ఎవరి నుండి దాస్తున్నారు? బాంబు నిర్మాణ విధానాన్ని శత్రువు నుండి దాచడం ఒకటి. సూదిమందులో ఏమి ఉందో రోగి నుండి దాచడం వేరొకటి. ఎవరి శరీరం, ఎవరి పొలం, ఎవరి బావి నీరు దెబ్బతింటుందో వారి నుండి ఆ సంగతి దాచడానికి ఎవరికీ హక్కు లేదు. మన శ్రీసభ చట్టంలో కూడా, తన సొంత స్థితికి సంబంధించి బహిరంగ స్వభావం గల దస్తావేజు నకలు పొందే హక్కు ఆ వ్యక్తికి ఉంది. మీ జ్ఞానస్నాన పుస్తకంలోని వివరం ఇవ్వనని మీ విచారణ గురువులు అనలేరు.

రెండవది: ఎంతకాలం? మౌనానికి ఒక గడువు ఉండాలి. గడువు లేని రహస్యం భద్రత కాదు, భూస్థాపన.

మూడవది: దాచడం వల్ల ఎవరికి మేలు? సమాజానికా, తప్పు చేసినవాడి కుర్చీకా?

ఈ మూడు ప్రశ్నలు మన నేల మీద పెట్టి చూడండి. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం పనిచేస్తున్నాయి. వ్యర్థాలు నిలవచేసే చెరువు వల్ల తమ బోరు నీరు పాడయిందని, అరటి తోటలు దెబ్బతిన్నాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. అది తమ వల్ల కాదని సంస్థ అన్నది. ఎవరి మాట నిజమో తీర్పు చెప్పడం ఈ శీర్షిక పని కాదు. కాని తీర్పు ఎలా తేలుతుంది? గని రాకముందు ఆ బావుల్లో నీరు ఎలా ఉండేదో, ఏటేటా ఎలా మారిందో చెప్పే కాగితం ఉంటేనే తేలుతుంది. ఆ కాగితం రైతు చేతిలో కూడా ఉండాలి. ఒక పక్షం చేతిలోనే లెక్కలన్నీ ఉంటే, ఆ లెక్కలు నిజమైనవే అయినా రైతుకు నమ్మకం కలగదు. అప్పుడు సంస్థకు కూడా న్యాయం జరగదు.

“కాగితాలు బయటపెడితే మాత్రం ఏమవుతుందండీ?” అని నిట్టూర్చేవారు ఉన్నారు. వారి మాటలో కూడా చేదు నిజం ఉంది. పొదిలి, దర్శి ప్రాంతాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడి బావి నీటిలోని ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు వంకరపోతున్నాయని షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 1937లోనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఎవరూ దాచలేదు. లోకమంతా చదివింది. అయినా ఆ పల్లెల్లో ఎన్నో తరాలు అదే నీరు తాగి, నడుములు వంగి, వయసు రాకుండానే ముసలివాళ్లయ్యారు. కాబట్టి తెరిచిన కాగితం తనంతట తాను ఎవరినీ రక్షించదు. చదివేవాడు కావాలి, చదివి అడిగేవాడు కావాలి. కాని దాచిన కాగితాన్ని అడిగే అవకాశమే ఉండదు. పొదిలి మనకు నేర్పేది కాగితం పనికిరాదని కాదు. కాగితం తెరవడంతో మన బాధ్యత మొదలవుతుందని.

ఇంకొక సంగతి. అణు వ్యర్థాలలో ఉండే ప్లుటోనియం బలం సగానికి తగ్గడానికి 24,000 సంవత్సరాలు పడుతుంది. క్రీస్తు ప్రభువు పుట్టి రెండు వేల ఏళ్లే అయింది! ఇక్కడ తవ్వవద్దు అని అంత దూరపు మనుమలకు ఎవరు, ఏ భాషలో చెబుతారు? 1984లో థామస్ సెబియోక్ అనే భాషాశాస్త్రవేత్త ఒక విచిత్రమైన సలహా ఇచ్చాడు. ఒక అణు గురువుల వర్గాన్ని ఏర్పాటు చేయాలట! నిజం ఆ కొద్దిమందికే తెలియాలి. మిగిలినవారిని కట్టుకథలతో, భయంతో ఆ చోటికి రాకుండా చేయాలి.

వేల ఏళ్లు జ్ఞాపకం నిలపాలంటే గురువుల వంటివారు కావాలని ఆయనకు తోచడం మనకు గౌరవమే. కాని ఆయన పొరబడ్డాడు. శ్రీసభ జ్ఞాపకం నిలిచింది కొద్దిమంది దాచినందువల్ల కాదు. ప్రతి దివ్యబలిపూజలో, ప్రతి ఊరిలో, అందరి ఎదుటా చెప్పుకున్నందువల్ల. అందులోనూ మన గొప్పలు మాత్రమే చెప్పుకోలేదు. పేతురుగారు మంట కాచుకుంటూ ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకిన సంగతి నాలుగు సువార్తలలోనూ ఉంది. ఆయన మొదటి పోపు! ఆ కాగితం తీసివేయాలని ఎవరికీ తోచలేదా? తోచినా తీసివేయలేదు. ఆ కన్నీటి కథ వల్లనే పడిపోయిన ఎందరో లేవగలిగారు.

ఆ బాటలోనే నడిచిన ఒక గురువును తలచుకుందాం. జార్జ్ జబెల్కా గారు 1945లో టినియన్ దీవిలో, అణుబాంబులు మోసుకువెళ్లిన వైమానికులకు కతోలిక గురువుగా ఉన్నారు. ఆనాడు ఒక్క మాట అనలేదు. తరువాత ఎన్నో ఏళ్లకు, తన మౌనం పాపమని బహిరంగంగా చెప్పుకున్నారు. 1992లో మరణించేవరకు చెబుతూనే ఉన్నారు. ఆయన గురించి ఏ ఫైలు తెరవనక్కరలేకపోయింది. తన ఫైలు తానే తెరిచారు.

1965లో రెండవ వాటికన్ మహాసభ, నగరాలకు నగరాలను విచక్షణ లేకుండా నాశనం చేసే యుద్ధచర్య దేవునిపట్ల, మానవునిపట్ల నేరమని ఖండించింది. 2017లో అణ్వాయుధ నిషేధ ఒడంబడిక మీద వాటికన్ మొదటి రోజే సంతకం చేసింది. 2019 నవంబరులో ఫ్రాన్సిస్ పోపుగారు హిరోషిమాలో నిలబడి, అణ్వాయుధాలు వాడటమే కాదు, కలిగి ఉండటం కూడా నీతికి విరుద్ధమన్నారు. ఈ బోధన ఆకాశం నుండి ఊడిపడలేదు. బతికి బయటపడినవారి సాక్ష్యం, బయటపడిన దస్తావేజుల సాక్ష్యం దాని వెనుక ఉన్నాయి.

మనం చేయగలిగింది ఏమిటి? మీ ఊరి మంచినీటి బావికి, బోరుకు నీటి పరీక్ష చేయించినప్పుడల్లా ఆ కాగితం మీద తేదీ ఉందో లేదో చూడండి. ఒక నకలు పంచాయతీలో, ఒక నకలు మీ ఇంట్లో, ఒకటి విచారణ కార్యాలయంలో ఉంచండి. గని అని, కర్మాగారం అని ఎవరైనా మీ ప్రాంతానికి వచ్చి సభ పెడితే, “వద్దు” అనో “కావాలి” అనో అరవడానికి ముందు, నివేదిక తెలుగులో ఇవ్వమని అడగండి. సమాచార హక్కు కింద అర్జీ పెట్టడం ఎలాగో మీ యువత సంఘానికి నేర్పించండి. పెద్దవాళ్లు పోకముందే వాళ్లకు తెలిసిన సంగతులు రాయించి పెట్టండి.

మీ ఇంట్లో ఆ ఇనుప తీగ ఇంకా ఉంటే తీసి పారేయకండి. పిల్లలకు చూపించి, అది ఎందుకు ఉందో చెప్పండి. మూసిపెట్టినది ఏదీ బయలుపడక మానదని ప్రభువు మనకు చెప్పారు. అది దాచేవారికి హెచ్చరిక, దాచిన దాని కింద నలిగిన వారికి వాగ్దానం. ఆ వాగ్దానం నెరవేరే రోజున మన చేతిలో కూడా ఒక కాగితం ఉండాలి కదా!